మందం తేడా, ముఖం తేడా

పోకర్ బల్ల దగ్గర చెయ్యి తిరిగినవాళ్ళు బిళ్ళల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు. 20 బిళ్ళల దొంతి ఒకటి పేర్చి, పక్కన ఇంకో దొంతి నిలబెట్టి, పైన వేలితో తడిమి చూస్తారు. రెండూ సమంగా తగిలితే లెక్క సరిపోయినట్టే. అట్లాంటిక్ సిటీ క్యాసినోలో డీలరు ఈ పని రెప్పపాటులో ముగిస్తాడు. ఆ నమ్మకమంతా బిళ్ళ మందం మీదే ఉంది. మామూలుగా అది 3 మిల్లీమీటర్ల పైచిలుకు. ఒక్కో బిళ్ళ పదోవంతు మిల్లీమీటరు ఎక్కువైతే చాలు, 20 బిళ్ళల దగ్గర 2 మిల్లీమీటర్లు తేలుతుంది. ఇంకాస్త పెరిగిందంటే, దొంతిలో బిళ్ళ తక్కువున్నా వేలికి తెలియదు.

ఈ సంగతి మా న్యూజెర్సీ బృందానికి మట్టి బిళ్ళలు చేయించుకున్నాకే బోధపడింది. శనివారం భోజనాలయ్యాక కూర్చునే ఆట మాది. ఊళ్ళో రమ్మీ ఆడి వచ్చినవాళ్ళం, ఇక్కడికొచ్చి పోకర్ మరిగాం. పందేలు చిల్లర పందేలే గానీ సామాను దగ్గర మాత్రం పట్టింపు ఎక్కువ. అంతకు ముందు ఉన్నవి అల్యూమినియం పెట్టెలో అమ్మే 11.5 గ్రాముల బిళ్ళలు. పెట్టె మీద ‘క్లే’ అని ఉంటుంది, లోపలిది ప్లాస్టిక్కే. బరువు కోసం నడుమ లోహపు బిళ్ళ దాస్తారు. అసలైన మట్టి బిళ్ళ దానికంటే తేలిక, 8.5 నుంచి 10 గ్రాముల లోపు. చేతిలో జారదు, బల్ల మీద వేస్తే గలగలమనకుండా మెత్తగా పలుకుతుంది.

టోపీ, చేతికర్ర గుర్తుండే పాల్సన్ బ్రాండు బిళ్ళలు మెక్సికోలో తయారై క్యాసినోలకు వెళ్తాయి. మనలాంటివాళ్ళు సొంత బొమ్మ వేయించుకోవాలంటే చిన్న కార్ఖానాలే దిక్కు. పేరెందుకు గానీ, అలాంటి ఒక చోట ఆర్డరిచ్చాం. బిళ్ళ ఒక్కింటికి డాలరు పైనే, పైగా నెలల తరబడి ఎదురుచూపు.

ధర ఎందుకంతో తయారీ చూస్తే అర్థమవుతుంది. పేరుకు మట్టే గానీ అందులో సుద్దలాంటి పొడులు, పట్టి ఉంచే జిగురు, రంగు అన్నీ ఉంటాయి. ఆ ముద్దను రేకులా చేసి గుండ్రంగా కోస్తారు. అంచులో గాట్లు కోసి, వేరే రంగు ముక్కల్ని చేత్తో పొదుగుతారు. నడుమ ముద్రించిన కాగితం పెట్టి, వేడి అచ్చులో గట్టిగా నొక్కుతారు. చివరికి అంచున పొడుచుకొచ్చిన పదార్థాన్ని కోసేస్తారు. ఇన్ని చేతులు పడే పనిలో ప్రతి మెట్టు దగ్గరా ఒక లోపం కాచుకుని ఉంటుంది. అచ్చులో సరుకు ఎక్కువైతే మందం. నొక్కేటప్పుడు కాగితం కదిలితే బొమ్మ పక్కకు. అంచు ముక్క మెత్తబడి పాకితే రెండు రంగులూ కలిసిపోతాయి. నడుమ ఉబ్బిన బిళ్ళను గచ్చు మీద పెట్టి తిప్పితే బొంగరమే. ఆటగాళ్ళు దాన్ని ‘స్పిన్నర్’ అంటారు. ఒక దఫా కలిపిన రంగుకూ, తర్వాతి దఫా రంగుకూ ఛాయ మారుతుంది.

పెట్టె విప్పిన రోజు ఇవన్నీ తలా కొంచెం కనిపించాయి. మాలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసే తమ్ముడొకడు వెంటనే ఎక్సెల్ తెరిచాడు. ‘అన్నా, ఇది కాస్మెటిక్, సివియారిటీ ఫోర్. ఇదేమో షో స్టాపర్’ అంటూ వరసలు నింపుతున్నాడు. బొమ్మ పక్కకు జరిగినవాటిని షో స్టాపర్‌లో, అంటే పనే ఆపేసే లోపాల్లో వేశాడు. మందం తేడాను ‘కాస్మెటిక్’, అంటే పైపై లోపం అన్నాడు, ఎందుకంటే అది కంటికి కనపడలేదు. నా వాదన సరిగ్గా దానికి ఎదురు.

మా ఆవిడ ఇంకో మాట అంది. ‘పోచంపల్లి చీరలో రంగు అంచు చెదిరితేనే కదా, చేత్తో నేసిందని నమ్మి ఎక్కువిచ్చి కొంటాం? ఇది మాత్రం తిరిగి పంపాలా?’ రంగు పాకిన బిళ్ళలకు ఆ మాట అక్షరాలా వర్తిస్తుంది. మందానికి మాత్రం వర్తించదు. చీరను ఎవరూ లెక్క కోసం దొంతిగా పేర్చరు. బిళ్ళ డబ్బుకు బదులు నిలబడేది, దాని పక్కబిళ్ళతో సరితూగడమే దాని ఉద్యోగం.

అంచు రంగులు కూడా ఉత్త అలంకారం కావు. దొంతిలో పైబిళ్ళ ముఖమే కనిపిస్తుంది, మిగతావి అంచుతోనే పలకాలి. ఎర్ర దొంతిలో ఆకుపచ్చ బిళ్ళ దూరితే పక్క నుంచి చూసినా, పైకప్పు కెమెరాకైనా దొరికిపోవాలి. న్యూజెర్సీ క్యాసినోల్లో 5 డాలర్లకు ఎరుపు, 25కి ఆకుపచ్చ, 100కి నలుపు అని నిబంధన పెట్టింది అందుకే. కాబట్టి ఛాయ తేడా చిన్నదైతే సర్దుకోవచ్చు. ఒక విలువ మరో విలువలా కనిపించేంత తేడా వస్తే దాన్ని సర్దుకోకూడదు.

చివరికి మూడు కుప్పలు చేశాం. మందం మారినవీ, బొంగరాలూ వెనక్కి పంపాం, కార్ఖానావాళ్ళు పేచీ పెట్టకుండా మార్చారు. బొమ్మ కాస్త జరిగినవి చేతిపనిలో సహజమన్నారు, ఒప్పుకున్నాం. మూడో కుప్పలో ఉన్నవి అసలు లోపాలే కావు. కొత్త బిళ్ళకు సుద్దపొడి అంటుకుని ఉంటుంది, అంచు గరుకుగా తగులుతుంది. కొంచెం మినరల్ ఆయిల్ రాస్తే రంగు తేరుతుంది. ఆడేకొద్దీ అంచు దానంతటదే అరిగి నునుపవుతుంది.

చేయించుకోవాలనుకునేవాళ్ళకు నాది ఒకటే సలహా. ముందు నమూనా తెప్పించి, మీరు ఆడే గదిలో, మీ దీపం వెలుతురులోనే రంగులు చూడండి. ఎంత తేడా వరకూ ఒప్పుకోవాలో రాతపూర్వకంగా అడగండి. సరుకు రాగానే బొమ్మలు చూసి మురవకుండా, 20 చొప్పున దొంతులు కట్టి స్కేలు పెట్టండి. ఆ పని మొదటి ఆటకు ముందే కావాలి. చేతులు మారి, నూనె పట్టి, అంచు అరిగాక ఏ కార్ఖానావాడు దాన్ని తన తప్పని ఒప్పుకుంటాడు?