పేర్లు మారిన నగరంలో నిలిచిన మస్జిద్

భూమిపై సంచరించి, గతించిన జాతుల పర్యవసానం ఏమైందో చూడమని దివ్యఖుర్‌ఆన్ పలుచోట్ల మానవులను ఉద్బోధిస్తుంది. ఆ దృష్టితో చూడదగిన నగరాలలో వియత్నాం దక్షిణ భాగాన ఉన్న సైగాన్ ఒకటి. 1976 నుంచి దీని అధికారిక నామం హోచిమిన్ సిటీ. అయినా అక్కడి ప్రజల నోట నేటికీ పాత పేరే ఎక్కువగా వినిపిస్తుంది. ఒకే శతాబ్దంలో ఫ్రెంచివారు, జపానీయులు, అమెరికా అండతో నడిచిన ప్రభుత్వాలు, ఆ తరువాత కమ్యూనిస్టులు ఈ నగరంపై అధికారం చెలాయించారు. వచ్చిన ప్రతివారూ పేర్లు మార్చారు, భవనాలు కట్టారు. వారిలో చాలామంది వెళ్లిపోయారు. వారు విడిచి వెళ్లినవాటిని ఈ నగరం ఏం చేసిందన్నదే మేము అక్కడ గడిపిన నాలుగు రోజులలో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం.

మన దేశ కాలమానం కంటే అక్కడ గంటన్నర ముందు. మే నుంచి నవంబరు వరకు వానలు కాబట్టి, మేము డిసెంబరులో వెళ్లాము. నగరంలో అడుగు పెట్టగానే కనిపించేవి మోటారు సైకిళ్లే. రోడ్డు దాటడం మొదట్లో పిల్లలకే కాదు, పెద్దలకూ గుబులు పుట్టిస్తుంది. పరుగెత్తకుండా, మధ్యలో ఆగకుండా, వెనక్కి తగ్గకుండా ఒకే వేగంతో నడిస్తే బండ్లు మనల్ని తప్పించుకుని వెళ్తాయి. రెండో రోజుకల్లా మేమూ ఆ పద్ధతికి అలవాటు పడ్డాము.

కట్టించినవాడు కాపురం చేయని భవనం

అందరూ ముందుగా చూసేది స్వాతంత్ర్య సౌధం. ఫ్రెంచివారి కాలంలో ఇక్కడ నోరోదోమ్ ప్యాలెస్ ఉండేది. దక్షిణ వియత్నాం అధ్యక్షుడు ఎన్గో దిన్ జియెమ్ అందులో నివసిస్తుండగా 1962 ఫిబ్రవరి 27న ఆయన వైమానిక దళానికే చెందిన ఇద్దరు పైలట్లు దానిపై బాంబులు వేశారు. జియెమ్ ప్రాణాలతో బయటపడి, దెబ్బతిన్న భవనాన్ని కూల్చివేయించి, అదే చోట కొత్త సౌధానికి పని మొదలుపెట్టించాడు. ఎన్గో వియెత్ థూ అనే వియత్నాం వాస్తుశిల్పి దీనికి రూపకల్పన చేశాడు. గోడలు లేస్తూ ఉండగానే 1963 నవంబరులో సైనిక తిరుగుబాటు వచ్చింది, జియెమ్ హతుడయ్యాడు. 1966లో సౌధం పూర్తయ్యేనాటికి దానిని కట్టించదలచినవాడు మట్టిలో కలిసి మూడేళ్లు.

ఆ తరువాత ఇక్కడ కొలువుదీరిన ప్రభుత్వమూ ఎక్కువ కాలం నిలవలేదు. 1975 ఏప్రిల్ 30న ఉత్తర వియత్నాం యుద్ధ ట్యాంకు ప్రధాన ద్వారాన్ని ఢీకొట్టి లోపలికి ప్రవేశించింది. యుద్ధం ఆ రోజుతో ముగిసింది. విజేతలు ఆ భవనాన్ని కూల్చలేదు, అప్పటి రూపంలోనే భద్రపరిచారు. సమావేశ మందిరాలు, అతిథులను ఆహ్వానించే గదులు, నేలమాళిగలోని యుద్ధ పటాలు, రేడియో యంత్రాలు, పైకప్పు మీద హెలికాప్టరు అన్నీ సందర్శకులు చూడవచ్చు. నేలమాళిగలోని ఇరుకు గదులలో తిరుగుతున్నప్పుడు మాకు మాటలు రాలేదు. ఇంత మందపు కాంక్రీటు కూడా అధికారానికి పదేళ్ల ఆయుష్షును సమకూర్చలేకపోయింది.

చర్చి, తపాలా కార్యాలయం

అక్కడికి నడిచివెళ్లే దూరంలోనే నోత్రదామ్ కెథడ్రల్ ఉంది. 1877లో మొదలై 1880లో పూర్తయిన ఈ చర్చికి ఎర్ర ఇటుకలను ఫ్రాన్సు నుంచి ఓడలలో తెప్పించారు. రెండు గంట గోపురాలను 1895లో చేర్చారు. దీర్ఘకాలంగా మరమ్మతులు సాగుతుండడం వల్ల మేము బయటి నుంచే చూశాము. దాని పక్కనే 1891లో పూర్తయిన ప్రధాన తపాలా కార్యాలయం. పొడవైన కమాను కప్పు, దానిని మోసే ఇనుప స్తంభాలు, గోడలపై చిత్రించిన రెండు పాత పటాలు. ఒకటి నాటి సైగాన్ నగరానిది, మరొకటి దక్షిణ వియత్నాం, కంబోడియాల టెలిగ్రాఫు తీగలది. హాలు చివర హోచిమిన్ చిత్రపటం. ఇది నేటికీ పనిచేసే తపాలా కార్యాలయమే. పిల్లలు చెక్క బల్లల దగ్గర కూర్చుని తమ నానమ్మకు ఉత్తరం రాసి, స్టాంపు అంటించి, డబ్బాలో వేశారు. జీవితంలో వారు రాసిన మొదటి ఉత్తరం అదే.

యుద్ధం మిగిల్చినది

యుద్ధ అవశేషాల మ్యూజియానికి పిల్లలను తీసుకువెళ్లాలా వద్దా అని మేము చాలాసేపు ఆలోచించాము. చివరికి చిన్నవారిని ఒకరి దగ్గర తోటలో ఉంచి, పెద్ద పిల్లలతో లోపలికి వెళ్లాము. ఆవరణలో ట్యాంకులు, విమానాలు, బాంబులు. లోపల ఛాయాచిత్రాలు. 1961 నుంచి 1971 వరకు అమెరికా విమానాలు అడవులపైన, పంటలపైన చల్లిన రసాయనాలు 7 కోట్ల లీటర్లకు పైమాటే. వాటిలో ఏజెంట్ ఆరెంజ్ అన్నది డయాక్సిన్ అనే విషంతో కలుషితమైనది. దాని ఫలితాన్ని చూపే చిత్రాల ముందు పెద్దవారు సైతం తలలు దించుకుని నడుస్తున్నారు. ఇంకో గదిలో ఆ యుద్ధాన్ని చిత్రిస్తూ ప్రాణాలు కోల్పోయిన ఛాయాగ్రాహకుల చిత్రాలున్నాయి. వారు ఏదో ఒక పక్షం వారు కారు, అన్ని వైపుల వారూ ఉన్నారు.

1975లో ఈ ప్రదర్శనశాలను తెరిచినప్పుడు దాని పేరులోనే అమెరికా నేరాల ప్రస్తావన ఉండేది. 1990లో దేశం పేరు తొలగి, యుద్ధ నేరాలు అన్న మాట మిగిలింది. 1995లో అమెరికాతో దౌత్య సంబంధాలు ఏర్పడిన తరువాత ఇది యుద్ధ అవశేషాల మ్యూజియం అయింది. పేరులోని నిష్ఠురం తగ్గింది. గోడలపైని సాక్ష్యం మాత్రం చెరగలేదు. జరిగిన అన్యాయాన్ని మరువకుండానే పగను తరువాతి తరానికి అప్పగించకుండా ఉండవచ్చునని మా పెద్ద పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదనిపించింది.

వ్యవధి ఉన్నవారు నగరానికి వాయవ్యంగా ఉన్న కూచీ సొరంగాలనూ చూడవచ్చు. యుద్ధకాలంలో వీటి మొత్తం నిడివి దాదాపు 250 కిలోమీటర్లని చెబుతారు. గ్రామీణులు, గెరిల్లా యోధులు అందులోనే వండుకుని, క్షతగాత్రులకు చికిత్స చేసుకుని బతికారు. వంట పొగ దూరంగా, పలుచగా బయటికి పోయేలా చేసిన ఏర్పాటు చూస్తే వారి ఓర్పు అర్థమవుతుంది.

మూడు పేర్ల వీధి

మళ్లీ నగరం నడిబొడ్డుకు వద్దాం. కెథడ్రల్ నుంచి నది వైపు సాగే వీధికి ఫ్రెంచివారు కతినా అని పేరు పెట్టారు. వారు వెళ్లాక దానికి స్వేచ్ఛ అనే అర్థం వచ్చే తూజో అన్న పేరు వచ్చింది. 1975 తరువాత దోంగ్ ఖోయ్ అయింది, అంటే తిరుగుబాటు అని అర్థం. ఈ వీధిలోనే 1900లో ప్రారంభమైన నాటకశాల ఉంది. కొంతకాలం అది శాసనసభగా మారింది, ఆ తరువాత మళ్లీ నాటకశాల అయింది.

ఈ వీధి నుంచి పక్కకు తిరిగితే దోంగ్ జూ అనే చిన్న వీధి వస్తుంది. ఎత్తైన హోటళ్ల నడుమ, నాలుగు మినార్లతో, విశాలమైన వసారాతో, ముందు భాగంలో వుజూ హౌజుతో ఒక మస్జిద్ కనిపిస్తుంది. దాని నిర్మాణం చూడగానే మాకు పరదేశంలో ఉన్నామన్న భావన కలగలేదు. దక్షిణ భారతంలోని ఏ రేవు పట్టణంలోనైనా ఇలాంటి మస్జిద్ ఉండవచ్చు. అందుకు కారణం లేకపోలేదు. 1935లో దీనిని కట్టినవారు దక్షిణ భారత ముస్లిములే.

వారు ఇంత దూరం ఎలా వచ్చారన్నది తెలుసుకోదగిన చరిత్ర. సైగాన్ ఫ్రెంచివారి వలస, పుదుచ్చేరి, కారైకాల్ కూడా వారివే. మన గోదావరి తీరపు యానాం సైతం ఆ ఫ్రెంచి ఇండియాలో భాగమే. ఒకే పాలన కింది రెండు తీరాల మధ్య ఓడలు తిరిగాయి. ప్రభుత్వ కొలువులకు కొందరు వెళ్లారు. వడ్డీ వ్యాపారం చేసే చెట్టియార్లు వెళ్లారు, నేటికీ నగరంలో ఉన్న మారియమ్మన్ గుడి తమిళ హిందువులదే. తమిళ ముస్లిములు బట్టల దుకాణాలు, చిల్లర సరుకుల వ్యాపారం చేపట్టారు. సంపాదించిన దానిలోంచి అల్లాహ్ ఆరాధన కోసం ఈ కట్టడాన్ని నిర్మించారు.

తమ పిల్లలు, మనవలు ఇందులో నమాజు చేస్తారని వారు తలచే ఉంటారు. కాని కాలం వేరుగా తిరిగింది. ఫ్రెంచివారు వెళ్లాక విదేశీ వ్యాపారులకు గడ్డుకాలం వచ్చింది. 1975 తరువాత భారతీయులలో అత్యధికులు దుకాణాలు మూసుకుని వెళ్లిపోయారు. కట్టినవారి వంశాలు చెదిరిపోయాయి, మస్జిద్ మిగిలింది.

మేము జుమా నమాజుకు వెళ్లినప్పుడు వసారా కూడా నిండిపోయింది. స్థానిక చామ్ ముస్లిములు, మలేషియా, ఇండోనేషియా నుంచి వచ్చినవారు, మనవంటి భారతీయ ప్రయాణికులు భుజం భుజం కలిపి నిలబడ్డారు. సలాం తప్ప మరో మాట మాకూ వారికీ మధ్య లేదు. ఆ ఒక్క మాటే సరిపోయింది.

చామ్ ప్రజలు

ఈ చామ్ సోదరులెవరో తెలుసుకోవడానికి మేము వియత్నాం చరిత్ర మ్యూజియానికి వెళ్లాము. మధ్య వియత్నాం తీరాన శతాబ్దాల పాటు వర్ధిల్లిన చంపా రాజ్యం వారిది. సంస్కృత శాసనాలు, శివాలయాలు చంపా నాగరికతలో భాగం. సముద్ర వర్తకం ద్వారా వారిలో ఇస్లాం వ్యాపించింది. 1471లో వారి రాజధాని విజయ పతనమైంది. ఎందరో కంబోడియాకు తరలిపోయారు. 1832లో చివరి చంపా ప్రాంతం కూడా వియత్నాం రాజు వశమైంది. కంబోడియా సరిహద్దున, మెకాంగ్ నది ఒడ్డున స్థిరపడిన చామ్ ముస్లిములలో కొందరు తరువాత బతుకుతెరువు కోసం సైగాన్ చేరారు. నగరంలో వారి వాడలు, వారి మస్జిదులు వేరుగా ఉన్నాయి.

రాజ్యం కోల్పోయిన జాతి, దేశం విడిచి వెళ్లినవారి మస్జిదులో దీపం ఆరకుండా చూస్తున్నది. ఈ సంగతి గ్రహించినప్పుడు మా కళ్లు చెమర్చాయి.

కుటుంబాలతో వెళ్లేవారికి

భోజనం విషయంలో జాగ్రత్త అవసరం. పంది మాంసం సర్వసాధారణం. కూరగాయల వంటకంలోనూ పంది ఎముకల రసం పోయవచ్చు. చేపల పులుసు లాంటి నూక్‌మామ్ దాదాపు ప్రతి వంటలో ఉంటుంది. బౌద్ధుల శాకాహార భోజనశాలల బయట చాయ్ అన్న మాట రాసి ఉంటుంది, అది మన తాగే చాయ్ కాదు, శాకాహారమని అర్థం. 1914లో తెరిచిన బెన్ థాన్ మార్కెట్టు పక్కనే ఎన్గుయెన్ ఆన్ నిన్ వీధి ఉంది. దానిని మలేషియా వీధి అని కూడా అంటారు. హలాల్ భోజనశాలలు, హిజాబులు, పొడవాటి దుస్తులు అమ్మే దుకాణాలు అక్కడ వరుసగా కనిపిస్తాయి. ఖిబ్లా మనకు లాగే పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. మార్కెట్టు నుంచి 2024 డిసెంబరులో ప్రారంభమైన మెట్రో రైలులో పిల్లలను ఒకసారి తిప్పితే వారు సంతోషిస్తారు.

అధికారం కోసం కట్టిన సౌధంలో నేడు టికెట్టు కొని తిరుగుతాము. ఆరాధన కోసం కట్టిన మస్జిదులో ఈనాటికీ నమాజుకు నిలబడుతున్నారు. మన ప్రాంతంలోనూ పిల్లలు నగరాలకు, గల్ఫ్ దేశాలకు తరలిపోగా, జుమా రోజున మాత్రమే తలుపు తెరుచుకునే పల్లె మస్జిదులున్నాయి. వాటిని కట్టినవారు ఎవరో మనకు తెలియకపోవచ్చు. సైగాన్‌లోని చామ్ సోదరులకూ ఆ తమిళ వ్యాపారుల పేర్లు తెలియకపోవచ్చు. అయినా వారు చాపలు పరచి, హౌజు శుభ్రం చేసి, ఐదు పూటలా నమాజు నిలుపుతున్నారు. దాతలకు దాని పుణ్యం సదఖయె జారియాగా చేరుతూనే ఉంటుందని మా నమ్మకం. ఊరికి వెళ్లినప్పుడు మన తాతల మస్జిదులో కనీసం ఒక పూట నమాజు చేసి, చీపురు పట్టి, పైకప్పు ఎక్కడ కారుతోందో చూసి రావడం మన వల్ల అయ్యే పనే.