తనంతట తానే ఆగి, తనంతట తానే వెలిగే కంప్యూటర్

ఉద్యోగ విరమణ చేసి తిరుపతిలో స్థిరపడిన తరువాత నా దినచర్యలో అధిక భాగం ఒక పాత కంప్యూటర్ ముందు గడుస్తున్నది. మీరు చదివే ఈ వ్యాసాలన్నీ దానిమీద వ్రాసినవే. ఏడేళ్ల క్రితం కొన్న ఆ యంత్రం గత వేసవిలో ఒక వింత జబ్బు తెచ్చుకొన్నది. మధుమేహం ఉన్నవారు పాదాలను ఎలా కాపాడుకోవాలో వ్రాస్తూండగా తెర హఠాత్తుగా నల్లబడింది. నేను ఏ మీటనూ ముట్టుకోలేదు. కొద్ది క్షణాలలో అది మళ్లీ వెలిగి, ఏమీ ఎరగనట్లు పాస్‌వర్డు అడిగింది. భద్రపరచని రెండు పేజీలు పోయాయి. నెత్తిమీద పంకా మాత్రం తిరుగుతూనే ఉన్నది, దీపం వెలుగుతూనే ఉన్నది. కరెంటు పోలేదు గదా అని ఆ సంగతి అంతటితో వదిలివేశాను. అదే నా మొదటి పొరపాటు.

మరునాడు రెండుసార్లు అలాగే జరిగింది. ఆ తరువాత మూడు రోజులు నిక్షేపంగా పనిచేసి, నాలుగవనాడు మళ్లీ ఆగింది. ఇటువంటి రోగులను వైద్యులు బాగా ఎరుగుదురు. స్పృహ తప్పి పడిపోయిన మనిషి మన దగ్గరకు వచ్చేసరికి లేచి కూర్చొని, అనవసరంగా తీసుకువచ్చారని ఇంట్లోవాళ్లను కోప్పడుతూ ఉంటాడు. నాడి చూస్తే సవ్యం, రక్తపు పోటు సవ్యం. జబ్బు వచ్చి వెళ్లిపోయింది, మనం పరీక్షిస్తున్నది జబ్బు లేని మనిషిని.

ఆ వారంలోనే కార్వేటినగరం దగ్గరి పల్లెలో ఉండే మా అక్క ఫోను చేసింది. నాకన్నా ఆరేళ్లు పెద్దది. వసారాలో పడి మణికట్టు విరిగిందట. వైద్యుని తోబుట్టువైనా సరే, మా ప్రాంతంలో ఎముక విరిగితే కాళ్లు పుత్తూరు వైపే నడుస్తాయి. కట్టు కట్టించుకొని వచ్చింది. ఎలా పడ్డావని అడిగితే, “ఏం లేదు నాయనా, శనివారం ఒక్కపొద్దు గదా, కండ్లు చీకట్లు కమ్మినాయి, అంతే” అన్నది. పోయిన నెలలో కూడా ఒకసారి అలాగే అయిందట. ఇసిజి తీయించారని, బాగుందన్నారని చెప్పింది. ఎండలు మండిపోతున్నాయి, ఉప్పు వేసిన మజ్జిగ త్రాగు, ఒక్కపొద్దులు మాను అని చెప్పి ఫోను పెట్టివేసి, నేను మళ్లీ కంప్యూటర్ దగ్గరకు వెళ్లాను.

మీ ఇంట్లో కంప్యూటర్ ఇలా ప్రవర్తిస్తే మొదట చేయవలసినది చికిత్స కాదు. అందులో ఉన్న ఫోటోలను, కాగితాలను వెంటనే వేరొక డిస్కులోకి నకలు తీసుకోండి. వ్రాత జరుగుతుండగా కరెంటు తెగితే ఫైళ్లు చెడిపోయే ప్రమాదమున్నది. ముప్పై ఏళ్లుగా నేను వ్రాసుకొన్న రోగుల విశేషాలు, పాఠాలు అందులో ఉండి కూడా, ఆ పని నాలుగవసారి ఆగిన తరువాత గాని నేను చేయలేదు.

ఆ పైన ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆగే ముందు నీలపు తెర కనబడిందా, లేక ఒక్కసారిగా నల్లబడిందా? నీలపు తెర వస్తే విండోస్ తన లోపలి తప్పును తానే గుర్తించి ఆగిందన్నమాట. ఆ తెర చదివేలోపే మాయమవుతుంటే, ‘స్టార్టప్ అండ్ రికవరీ’ అనే చోట ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ ఎదుట ఉన్న టిక్కును తీసివేయండి. అప్పుడు తెర నిలిచి ఉంటుంది, దానిమీది సంకేతాన్ని వ్రాసుకోవచ్చు. నీలపు తెర లేకుండా దీపం ఆర్పినట్లు ఆగిందంటే వేడిమినో, కరెంటునో ముందుగా అనుమానించాలి. నాది ఈ రెండవ రకం.

యంత్రం తన దినచర్యను ‘ఈవెంట్ వ్యూయర్’ అనే చోట నమోదు చేస్తుంది. అక్కడ నాకు ప్రతిసారీ కనిపించినది ‘కెర్నల్-పవర్ 41’ అన్న పద్దు. పద్ధతిగా మూతపడకుండానే యంత్రం మళ్లీ మొదలైందని దాని అర్థం. ఇది చదివి నాకు నవ్వు వచ్చింది. కొత్తగా చేరిన వైద్యులు మరణ ధ్రువపత్రంలో కారణమనే చోట ‘గుండె ఆగిపోవుట’ అని వ్రాసి పెద్దవాళ్లచేత చీవాట్లు తింటారు. గుండె ఆగకుండా ఎవరు మరణిస్తారు? అయితే ప్రతి పద్దు పక్కన సమయం ఉన్నది. ఆ సమయాల విలువ నాకు అప్పుడు తెలియలేదు.

మే నెల తిరుపతిలో ఎవరికైనా మొదట తోచేది వేడిమియే. కరెంటు తీసివేసి సిపియు పెట్టె పలక విప్పితే, ప్రాసెసర్ మీది పంకా రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకొని ఉన్నది. మెత్తని కుంచెతో తుడిచి, ఎండిపోయిన థర్మల్ పేస్టును తీసి కొత్తది పూయించాను. ప్రాసెసర్ మితిమీరి వేడెక్కితే మొదట తన వేగాన్ని తగ్గించుకొంటుంది, అప్పటికీ చల్లబడకపోతే దాదాపు 100 డిగ్రీల దగ్గర తనను కాపాడుకోవడానికి యంత్రాన్ని ఆర్పివేస్తుంది. శుభ్రం చేసిన తరువాత రెండు రోజులు యంత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. రోగం కుదిరిందని ఇంట్లో ప్రకటించాను. మూడవనాటి ఉదయం మళ్లీ ఆగింది.

తరువాత ర్యామ్ పలకలను తీసి, తుడిచి, మళ్లీ బిగించి, రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపాను. ఒక్క తప్పూ లేదు. కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడు వచ్చి ఎస్‌ఎంపిఎస్ మార్చాలన్నాడు. ఇంట్లోకి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి అవయవాలకు అందించే పెట్టె అది. దాన్ని మాత్రం మీరు విప్పకండి. తీగ పీకిన తరువాత కూడా అందులోని కెపాసిటర్లలో ప్రాణాపాయం కలిగించే కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. కొత్తది పెట్టించాను. డబ్బు ఖర్చయింది, జబ్బు అలాగే ఉన్నది.

విసిగిపోయి పాత అలవాటు ప్రకారం ఒక నోటు పుస్తకం తీసి, యంత్రం ఆగిన తేదీ, సమయం, అప్పుడు ఇంట్లో ఏమి జరుగుతున్నదీ వ్రాయడం మొదలుపెట్టాను. రెండవ గడి నింపడం కోసం మా ఆవిడను అడిగితే ఆమె వంటింట్లోనుండే జవాబు చెప్పింది. “కిందివాళ్లు బోరు మోటారు వేసినప్పుడే గదండీ అది ఆరిపోయేది! మిక్సీ కూడా ఒక్క క్షణం మూలుగుతుంది. ఇన్నాళ్లూ మీరు నన్ను అడిగితే గదా.” ఈవెంట్ వ్యూయర్‌లోని పాత సమయాలు తీసి చూపించాను. అన్నీ నీళ్లు పట్టే వేళలే. నేను దుమ్ము తుడిచిన ఆ రెండు రోజులూ కిందివాళ్లు పెళ్లికి పలమనేరు వెళ్లి ఉన్నారు!

కావాలని మోటారు వేయించి చూశాము. మూడుసార్లు వేస్తే రెండుసార్లు కంప్యూటర్ ఆగింది. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్న అనేక రెట్లు కరెంటు లాగుతుంది. తీగలు గట్టిగా ఉంటే దానివల్ల దీపాలు కొద్దిగా మసకబారి ఊరుకొంటాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి మెట్ల క్రింది మెయిన్ బోర్డు విప్పి చూపించాడు. న్యూట్రల్ తీగ వదులై, దాని కొస నల్లగా మాడి ఉన్నది. పైతొడుగు కరిగి కారింది. వదులైన అతుకు గుండా ఎక్కువ కరెంటు పోతే అక్కడ వేడి పుడుతుంది, వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది. ఇళ్లు అంటుకొనేది ఇటువంటి అతుకుల దగ్గరే. దానికి రెండడుగుల దూరంలో కిందివాళ్ల గ్యాసు సిలిండరు ఉన్నది.

దీపాలు, పంకాలు ఆగకుండా కంప్యూటర్ ఒక్కటే ఎందుకు పడిపోయిందని మీరు అడగవచ్చు. వోల్టేజీ పడగానే ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి మారుతుంది. మారడానికి పట్టే రెప్పపాటును పంకా గమనించదు. ఎస్‌ఎంపిఎస్ తనలో దాచుకొన్న కరెంటుతో సుమారు 16, 17 మిల్లీసెకండ్లు మాత్రమే నెట్టుకు రాగలదు. మన కరెంటులో ఒక ఆవృతికి 20 మిల్లీసెకండ్లు పడుతుంది గనుక ఆ నిల్వ ఒక్క ఆవృతికి కూడా చాలదు. అంతకు మించి ఆలస్యమైతే ఎస్‌ఎంపిఎస్ పంపే ‘పవర్ గుడ్’ సంకేతం తెగిపోయి, యంత్రం మొదటినుండి మొదలవుతుంది. మా ఇన్వర్టర్ వెనుక ఉన్న మీట దీపాలకు, పంకాలకు సరిపోయే నిదానపు పద్ధతిలో ఉన్నది. దాన్ని యుపిఎస్ వైపుకు తిప్పి, తీగను కొత్తగా బిగించారు. ఆనాటినుండి యంత్రం ఆగలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యంత్రం విషయంలో మూడు వారాల తరువాతనైనా చూసినవారిని అడిగాను. అక్క విషయంలో ఎవరినీ అడగలేదు. తెల్లవారగానే ఫోను చేసి, పడినప్పుడు పక్కన ఎవరున్నారని అడిగాను. పదేళ్ల మనవరాలు ఉన్నదట. ఆ పాపను పిలిపించాను. “అవ్వ కుర్చీలో కూర్చోని మాట్లాడతా మాట్లాడతానే పడిపోయింది తాతా. మొగం సున్నం మాదిరి తెల్లగా అయింది. లేచినాక ఎర్రగా అయింది” అన్నది.

వైద్య విద్యార్థికి ఇంతకన్న స్పష్టమైన వర్ణన పుస్తకంలో దొరకదు. గుండె పై గదులలో పుట్టిన విద్యుత్ప్రేరణ క్రింది గదులకు అందకపోతే గుండె కొన్ని క్షణాలు నిలిచిపోతుంది. మెదడుకు రక్తం అందక మనిషి పాలిపోయి పడిపోతాడు. గుండె మళ్లీ కొట్టుకోగానే రక్తం ఒక్కసారిగా పారి ముఖం ఎర్రబడుతుంది. డబ్లిన్ వైద్యులు రాబర్ట్ ఆడమ్స్ 1827లో, విలియం స్టోక్స్ 1846లో వర్ణించిన ఈ జబ్బుకు వారి పేర్లే నిలిచాయి. నిలబడి, ఉక్కపోతలో, ముందుగా చెమటలు పట్టి, వికారం కలిగి పడిపోవడం సాధారణంగా అంత ప్రమాదం కాదు. కూర్చొని ఉండగానో, పడుకొని ఉండగానో, శ్రమ చేస్తుండగానో, ఏ సూచనా లేకుండా పడి గాయపడ్డవారిని మాత్రం మజ్జిగతో సరిపెట్టకూడదు. నేను సరిపెట్టాను.

ఆనాడే కారు పంపి అక్కను తిరుపతికి రప్పించాను. బాగుందన్న ఆ పాత ఇసిజిలో ప్రేరణ ఒక శాఖలో ఆలస్యమవుతున్న గుర్తు ఉన్నది. ఫోటో పంపమని అడిగి ఉంటే నాకు కనబడేదే. ఇరవై నాలుగు గంటల హోల్టర్ పరీక్షలో తెల్లవారుజామున గుండె ఆరు సెకండ్లు నిలిచిపోయిన చోటు దొరికింది. నార్మన్ హోల్టర్ మొదట చేసిన యంత్రం 38 కిలోల బరువుతో వీపున మోయవలసినది. అక్క మెడలో వేసినది అరచేతిలో ఇమిడేది. మూడవ రోజున పేస్‌మేకర్ అమర్చారు. మొదటిసారి 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే వ్యక్తికి అటువంటి దాన్ని శరీరం లోపల అమర్చినప్పుడు అది కొన్ని గంటలే పనిచేసింది. ఆయన ఆ తరువాత ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకొని 2001 దాకా, 86 ఏళ్లు జీవించాడు. ఈ కథ చెబితే అక్క, “అన్నిసార్లు కోయించుకొన్నాడా పాపం” అన్నది.

ఇప్పటి బ్యాటరీ సుమారు పదేళ్లు వస్తుంది. నా నోటు పుస్తకంలో కంప్యూటర్ పేజీ తరువాతి పేజీ అక్కది. దాన్లో చివరి పద్దు మొన్నటిది: పరీక్ష సవ్యం, మణికట్టు అతికింది, ఒక్కపొద్దులు మళ్లీ మొదలుపెట్టింది, చెప్పినా వినదు.