గన్నుల్లేని ఓడ

"మామయ్యా, దీనికి గన్నులేవీ?"

సంక్రాంతికి కొత్తగూడెం వెళ్ళినప్పుడు మా చెల్లెలి కొడుకు అడిగిన మొదటి ప్రశ్న ఇది. వాడు ఆరో తరగతి. నేను పదిహేనేళ్ళుగా ఆపుతూ, మళ్ళీ మొదలెడుతూ, ఎట్టకేలకు పూర్తిచేసిన ఓడ బొమ్మని బల్ల మీద పెట్టి, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చుట్టూ తిరుగుతున్నా. వీడేమో ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ చూసి ఆ ముక్క అన్నాడు.

"ఉండవురా, ఇది సరుకుల ఓడ."

"మరి ఎవరన్నా వస్తే?"

వాడికేదో చెప్పి తప్పించుకున్నా గానీ, ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. ఇంతకుముందు ఒకావిడ అడిగింది. ఆవిడకి నేను అబద్ధం చెప్పాను. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఈ పిచ్చి గురించి. ఓడల బొమ్మలు చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు, కానీ బజార్లో దొరికే పెట్టెల్లో నూటికి తొంభై యుద్ధనౌకలే. బిస్మార్క్, యమాటో, లేకపోతే ఏదో ఒక విమానవాహక నౌక. టైటానిక్ ఒక్కటి మినహాయింపు, అదీ మునిగింది కాబట్టి! జపాన్ కంపెనీలు 1971లో మొదలుపెట్టిన 1/700 స్కేలు సీరీస్ కూడా యుద్ధనౌకలతోనే నడిచింది. తప్పు పట్టడం లేదు. యుద్ధనౌకకి చూపించుకోడానికి ఉన్నదంతా డెక్కు మీదే ఉంటుంది. సరుకుల ఓడ సంగతి వేరు. దానికున్నదంతా పొట్టలోనే. పైనుంచి చూస్తే నాలుగు మూతలూ వెనకో తెల్ల మేడా, అంతే.

నా మొదటి ఓడ లిబర్టీ షిప్పు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ళు ఇడ్లీలు దించినట్టు 2,710 ఓడలు దించారు, ఒకే నమూనాలో. అందులో ఒకటి, జెరెమయా ఓబ్రయన్, శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో ఇప్పటికీ బతికుంది. 2006లో ఆన్‌సైట్‌కి వెళ్ళినప్పుడు చూశాను. ఇంజను గదిలోకి ఇనుప మెట్లు దిగుతుంటే ఆ నూనె వాసనకి ఎందుకో మా నాన్న షిఫ్టు బట్టలు గుర్తొచ్చాయి. (టైటానిక్ సినిమాలో తిరిగే ఇంజను ఉంది చూశారూ, అది ఈ ఓడ ఇంజనే.) తర్వాత దాని కిట్ 1/350 స్కేలుది తెప్పించుకున్నా. అసలు ఓడ 134 మీటర్ల పైన, బొమ్మ 38 సెంటీమీటర్లు. పెట్టె తెరిస్తే అందులోనూ ఫిరంగులే! ముందొకటి, వెనకొకటి, చుట్టూ చిన్నవి. యుద్ధం రోజులు కదా, సరుకుల ఓడలక్కూడా బిగించారు. యుద్ధమయ్యాక వాటిని ఊడదీసి, చాలా ఓడల్ని గ్రీసు వ్యాపారులకీ మిగతావాళ్ళకీ అమ్మేశారు. నేను 1947 తర్వాతి లిబర్టీ అనుకుని ఫిరంగులన్నీ ప్లాస్టిక్ ఫ్రేముల్లోనే వదిలేశా. ఆ ఫ్రేములు ఇప్పటికీ ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి.

మన దగ్గరికే వద్దాం. వైజాగ్‌లో ఓడల యార్డుకి 1941లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీది. వైజాగ్ వాళ్ళు సింధియా అని బస్సు దిగే చోటు పేరు అక్కడిదే. మరుసటేడు, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు వైజాగ్ మీద బాంబులేశాయి. ఆ కథ మనందరికీ కాస్తో కూస్తో తెలుసు. తెలియనిదేంటంటే, ఆ రెండు మూడు రోజుల్లోనే బంగాళాఖాతంలో, మన తీరానికీ ఒరిస్సా తీరానికీ దగ్గర్లో, ఇరవైకి పైగా సరుకుల ఓడల్ని ముంచేశారు. ఆ యుద్ధం మొత్తంలో సరుకుల ఓడల మీద చనిపోయిన మన దేశపు నావికులు ఆరువేలకు పైనే. బొగ్గు వేసేవాళ్ళు, వంటవాళ్ళు, డెక్కు కడిగేవాళ్ళు. తుపాకీ ముట్టుకోకుండా యుద్ధంలో పోయినవాళ్ళన్నమాట.

ఆ యార్డు నుంచే 1948 మార్చి 14న జల ఉష నీళ్ళలోకి దిగింది. ఎనిమిది వేల టన్నుల సరుకు మోసే ఓడ. నెహ్రూ గారొచ్చి దించారు. స్వతంత్రం వచ్చి ఏడాది కూడా కాలేదు, మనం ఘనంగా నీళ్ళలోకి దించుకున్నది మూటలు మోసే ఓడ! నాకది భలే నచ్చుతుంది. ఆ మాటకొస్తే పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి యజ్ఞశ్రీ శాతకర్ణి కూడా తన నాణెం మీద వేయించుకున్నది రెండు తెరచాప కొయ్యల ఓడనే. ఇప్పుడు వైజాగ్ బీచికెళ్తే చూడ్డానికి ఉన్నది కురుసుర జలాంతర్గామి. 2002 నుంచీ ఉంది, పిల్లలు క్యూ కడతారు, నేనూ కట్టాను. యార్డు కూడా 2010లో రక్షణ శాఖ కిందకి వెళ్ళిపోయింది. ఫిర్యాదేం కాదు, దేశానికి అవీ కావాలి. కాకపోతే జల ఉష పేరు చెబితే మా ఆఫీసులో వైజాగ్ కుర్రాళ్ళు కూడా "ఎవరామె?" అన్నారు.

ఇక అబద్ధం సంగతి.

మా కంపెనీ క్వార్టర్లలో పక్కింటివాడు, నాతోపాటు ఇంటర్ దాకా చదివినవాడు, మెరైన్ ఇంజనీరయ్యాడు. బొగ్గు ఊర్లో పుట్టి, ఇండొనేషియా బొగ్గు మోస్తున్నానురా అని నవ్వేవాడు. మా ఊరికి సముద్రం ఎంత దూరమో చెప్పక్కర్లేదు. రైల్వే స్టేషనుకి కూడా మా ఊరి పేరుండేది కాదు, 'భద్రాచలం రోడ్డు' అనేవాళ్ళు. అలాంటి ఊరినుంచి ఓడెక్కినవాడు వాడు. 2010లో వాడి ఓడ సూయెజ్ కాలువ దాటి ఇటు వస్తోంది. సోమాలియా దొంగలు ముమ్మరంగా ఉన్న రోజులు. టీవీలో రోజూ అదే. పెద్దమ్మ (వాళ్ళమ్మని అలాగే పిలుస్తా) హైదరాబాద్‌లో ఉన్న నాకు ఫోన్ చేసింది. "నువ్వు కంప్యూటర్ల ఉంటవు గదా, వాడి ఓడ యాడుందో చూడు" అని.

ఓడలు తామెక్కడున్నదీ రేడియోలో చెప్పుకుంటూ పోతాయి. ఏఐఎస్ అంటారు. ఒడ్డున ఉన్న యాంటెన్నాలు దాన్ని పట్టుకుంటే నెట్‌లో మ్యాపు మీద చిన్న బాణంలా కనిపిస్తుంది. ఎర్రసముద్రం దాకా వాడి బాణం కనిపించింది. ఆ తర్వాత లేదు. దొంగలకి తెలియకుండా ఉండాలని కొందరు కెప్టెన్లు కట్టేస్తారు. పైగా నడిసముద్రంలో పట్టుకునే యాంటెన్నాలూ ఉండవు. ఇదంతా నాకు తెలుసు. అయినా పేజీ రిఫ్రెష్ కొడుతూనే ఉన్నా.

మూడో రోజు పెద్దమ్మ అడిగింది. "వాళ్ళకాడ తుపాకులుంటయ్ గదరా?"

"ఉంటాయ్ పెద్దమ్మా, ఎందుకుండవు" అన్నాను.

లేవు. అప్పట్లో చాలా సరుకుల ఓడల్లాగే దాంట్లోనూ లేవు. నిప్పులార్పే నీళ్ళ గొట్టాలూ, డెక్కు చుట్టూ బ్లేళ్ళ కంచె, దూరానికి కాపలావాళ్ళలా కనిపించేలా పాత బాయిలర్ సూట్లు తొడిగిన దిష్టిబొమ్మలూ. మన పొలాల్లో పెట్టేవే! ఎవరైనా ఎక్కేస్తే లోపల గడియపెట్టుకుని దాక్కోవడానికి ఇంజను గది. అంతే వాళ్ళ ఆయుధాలు.

ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజుల్లో చేతులు ఊరికే ఉంచలేక మొదలెట్టిందే ఈ ఓడ. కిట్ లేదు. వాడు అంతకుముందు పంపిన ఫోటోలు, అలాంటి బల్క్ క్యారియర్ల కొలతలు పెట్టుకుని గీసుకున్నా. 190 మీటర్లంటే 1/350లో 54 సెంటీమీటర్లు. కర్ర కోసం కొండపల్లి పోయి బొమ్మలు చేసే ఒకాయన్ని బతిమాలి తెల్ల పొణికి తెచ్చుకున్నా. బరువుండదు, కత్తికి వెన్నలా తెగుతుంది. పలకలు ఒకదాని మీద ఒకటి అంటించి, ఓడ ఆకారానికి చెక్కాలి. సందుల్లోకి కొనుక్కొచ్చిన పుట్టీ పెడితే నాకు పగుళ్ళొచ్చాయి. ఆయన చెప్పిన మక్కు (చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసేది) పెడితే ఇప్పటికీ కదల్లేదు.

మా నాన్న బాయిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. రిటైరై అప్పటికి ఐదేళ్ళు. నేను చెక్కుతున్నది చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి చూశాడు. "ఈడ అంటలే, ఇప్పు" అన్నాడు. ఇప్పితే నిజంగానే మధ్యలో జిగురు అంటలేదు. "కర్ర ముందే చప్పుడు జేసి చెప్తది. ఇనుము చెప్పదు" అన్నాడు. బాయిలో దుంగ కిర్రుమంటే పరిగెత్తి బయటపడ్డ మనిషి. ఇంత ఇష్టంగా ఆయన నా పని ఏదీ చూడలేదు. నేను రాసే కోడు సంగతైతే అడగనే అడగడు :)

తొమ్మిదో రోజు పొద్దున వాడి బాణం శ్రీలంక దగ్గర తేలింది. పెద్దమ్మకి ఫోన్ చేశాను. నా ఓడ అటకెక్కింది. అదీ మన నిజాయితీ.

అందరికీ అలా జరగలేదు. అదే ఏడు సెప్టెంబర్లో ఆస్ఫాల్ట్ వెంచర్ అనే ఓడని పట్టుకున్నారు. 2011 ఏప్రిల్లో డబ్బు ముట్టాక కూడా ఏడుగురు మనవాళ్ళని వదల్లేదు. వాళ్ళు బయటపడింది 2014 అక్టోబర్లో. ఇలాంటివి చూసే ఓడల మీద తుపాకులతో కాపలావాళ్ళని పెట్టడం మొదలైంది. పనిచేసింది కూడా, కాదనను. కానీ 2012 ఫిబ్రవరి 15న కేరళ దగ్గర ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ట్యాంకరు మీదున్న సైనికులు దొంగల పడవనుకుని కాల్చారు. పోయింది ఇద్దరు జాలర్లు. కేసు దేశాల మధ్య తిరిగి తిరిగి, పది కోట్ల పరిహారం జమయ్యాక 2021లో మన సుప్రీంకోర్టు దాన్ని మూసేసింది. చేపలు పట్టుకునేవాడిని తుపాకీ గొట్టం వెనకనుంచి చూస్తే వాడూ దొంగలాగే కనిపిస్తాడేమో.

ఈ వాదన మావాడి దగ్గర పెడితే కొట్టిపారేశాడు. "నువ్వు బల్ల దగ్గర కూర్చుని ఎన్నైనా చెప్తావ్. మా ఓడకి గన్ను లేకపోయినా పక్కన నేవీ ఓడకుందిరా. 2008 నుంచీ మనవాళ్ళు తోడొస్తున్నారు, దాన్ని చూస్తే మాకు నిద్ర పట్టేది." దీనికి నా దగ్గర జవాబు లేదు.

2024 మార్చి 6న ట్రూ కాన్ఫిడెన్స్ అనే బల్క్ క్యారియర్‌ని యెమెన్ నుంచి క్షిపణితో కొట్టారు. ముగ్గురు నావికులు చనిపోయారు. మిగిలినవాళ్ళని కాపాడింది మన ఐఎన్ఎస్ కోల్‌కతా. అంటే, గన్నులున్న ఓడే. ఆ రాత్రి మళ్ళీ ఫోన్. పెద్దమ్మకిప్పుడు వయసు మీద పడింది, గొంతు వణుకుతోంది. వాడప్పుడు సింగపూర్ వైపున్నాడని ముందే తెలుసు కాబట్టి ఆ మాట చెప్పాను. కాసేపాగి, "పెద్దమ్మా, వాడి ఓడలో తుపాకులుండవు. అప్పుడూ లేవు" అన్నాను.

"తెల్సురా. వాడొచ్చినంక చెప్పిండు. నువ్వు చెప్పినవని నేనేం అనలే" అంది.

మర్నాడు అటక మీంచి ఓడ దింపాను. మిగతా పనికి పది నెలలు పట్టింది. క్రేన్లు, మూతలు, వెనక మేడ, దాని కిటికీలు. ఈ స్కేల్లో మనిషి ఐదు మిల్లీమీటర్లు కూడా ఉండడు. చివర్లో కంచె. అది నా ప్లాన్లో లేదు, ఫోటో చూసి మావాడు "కంచె లేకుంటే మా ఓడ కాదు పో" అన్నాడు. పాత ఇయర్‌ఫోన్ తీగ చీల్చి, అందులోని రాగి పోచల్ని పెన్ను రీఫిల్‌కి చుట్టి లాగితే స్ప్రింగులా వస్తుంది. లెక్కేస్తే మీటరు వెడల్పు చుట్ట, దాదాపు సరిపోయింది. రెండు దిష్టిబొమ్మలు కూడా పెట్టాను, ముందొకటి, వెనకొకటి. మేనల్లుడికి అవి చూపిస్తే "వీళ్ళు ఫేకా!" అని తెగ నవ్వాడు. ఆ తర్వాత గన్నుల ఊసెత్తలేదు.

కనుమనాడు ఓడని దుప్పట్లో పెట్టుకుని పక్క వీధికి తీసుకెళ్ళాం. పెద్దమ్మ టీవీ పక్కన చోటు చేసింది. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"వాడు యాడ పంటడు?"

వెనక మేడలో మూడో అంతస్తు కిటికీ చూపించాను. మిగతా కిటికీల్లాగే అదీ నల్ల చుక్క. ఆమె దాని మీద వేలు పెట్టబోయి, విరుగుతుందేమోనని ఆగింది. తర్వాత లోపల్నుంచి ఉతికిన తువ్వాలొకటి తెచ్చి ఓడ మొత్తం కప్పేసింది. మా వీధుల్లో బొగ్గు దుమ్ము సంగతి తెలిసిందే కదా.