షెల్‌లో పద్యం పొడవెంత?

బాష్ షెల్ 1989లో వచ్చింది. ఇప్పటికీ దానికి స్టాండర్డ్ లైబ్రరీ అంటూ లేదు. మాటకి అటూ ఇటూ ఉన్న ఖాళీలు కత్తిరించాలన్నా ఎవరి ఫంక్షన్ వాళ్ళు రాసుకోవాల్సిందే. మా టీమ్‌లోనే అలాంటివి నాలుగు తేలాయి. ఒకటి ట్యాబ్‌ని ఖాళీగా లెక్కేస్తుంది, ఇంకోటి లెక్కెయ్యదు.

వాటిని ఒకచోట చేర్చే పని మీద పడ్డాక మా కడప బ్రౌన్ దొర గుర్తొచ్చాడు. 1820లో ఇక్కడికొచ్చిన సి.పి. బ్రౌన్, రాతప్రతులు తెప్పించి, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టి, పాఠభేదాలు పోల్చి ఒక పాఠం తేల్చేవాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు గ్రంథాలయం ఉంది. లైబ్రరీ కట్టడంలో కొత్తగా రాసేది కొంచెమే. ఉన్నవాటిలో ఏది నిలవాలో తేల్చడమే అసలు పని.

తెలుగు దగ్గరికొస్తే తేల్చడానికి పాత ప్రతి కూడా దొరకలేదు. యూటీఎఫ్-8లో 'కడప' పొడవు అడిగితే బాష్ 3 అంటుంది. బాగుంది. 'పద్యం' అడిగితే 5 అంటుంది. మన చెవికి రెండక్షరాలే. అది ద, పొల్లు, య, సున్న దేనికదే లెక్కపెడుతుంది. ఒత్తుల్నీ గుణింతాల్నీ సున్నల్నీ ముందక్షరంలో కలిపి లెక్కించే ఫంక్షన్ రాశాను. ఇరవై లైన్లు.

నా లాప్‌టాప్‌లో ఉన్నంతకాలం అది నా పనిముట్టే. పదిమంది దిద్దే చోట పెడితే లైబ్రరీ అవుతుంది. బ్రౌన్ 1852 నాటి నిఘంటువునీ 1903లో వేరేవాళ్ళు సవరించి మళ్ళీ వేశారు. ఈ వారం నా ఇరవై లైన్లూ బయటపెడుతున్నాను.