చల్లారిన కొలిమి ప్రక్కన



నిజామాబాదు ప్రాంతములో మేము సేవచేయుచున్న పల్లెకు ఆరు కిలోమీటర్ల దూరములో ఒక చక్కెర మిల్లు ఉండేది. అది మూతపడి చాలా కాలమైనది. మిల్లు నడిచిన రోజులలో సైరను కూతను బట్టే మా పల్లెలో పొయ్యి వెలిగేది, పిల్లలు బడికి బయలుదేరేవారు. మూతపడిన తరువాత ఏ ఆదివారము ఆరాధన ముగిసినా, గుమ్మము దగ్గర ఎవరో ఒకరు "అయ్యగారూ, మిల్లు మళ్లీ తెరుస్తారంటారా?" అని అడిగేవారు. "తెరుస్తారమ్మా, ప్రార్థన చేయండి" అని మేము చెప్పేవారము. నిజముగా మాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ మాట నమ్మి ఒక తల్లి తన కుమారుని ఐ.టి.ఐ.లో చేర్చకుండా ఆపినది. తండ్రి మిల్లులో పనిచేస్తూ చనిపోయాడు గనుక, మిల్లు తెరిస్తే ఆ ఉద్యోగము కుమారునికి వస్తుందని ఆమె ఆశ. మమ్మల్ని సలహా అడిగితే "కొద్దికాలము ఆగి చూడండి" అన్నాము. రెండేండ్లు గడిచినవి. చివరకు ఆ అబ్బాయి అప్పుచేసి దుబాయికి కూలిపనికి వెళ్లాడు. ఈ సంగతి మనస్సులో ముల్లువలె గుచ్చుకొనుచుండగానే, సంఘముల పరిచయ యాత్రలో భాగముగా మా దంపతులకు ఆస్ట్రియా దేశము చూచే భాగ్యము కలిగినది.

అక్కడ స్టిరియా రాష్ట్రములో లెయోబెన్ అనే పట్టణము నుండి బస్సులో ఫోర్డెర్న్‌బెర్గ్ అనే పల్లెటూరికి వెళ్లాము. ఆల్ప్స్ కొండల మధ్య ఇరుకైన లోయ, లోయలో ఒక వాగు, వాగు వెంట ఊరు. జనాభా వెయ్యికి కొంచెము అటూ ఇటూ. ఆ ఊరి పేరుకు "కొండకు ముందటి వైపు" అని అర్థమట. ఆ కొండ పేరు ఎర్ట్స్‌బెర్గ్, అనగా ఖనిజపు కొండ. ఎర్రని మెట్లు చెక్కినట్లు ఉండే ఆ కొండను నేటికీ త్రవ్వుచునే ఉన్నారు. అక్కడ ఇనుపరాయి త్రవ్వడము క్రీ.శ. 712లో మొదలైనదని వారి ఊరి కథ. కొండకు ఆవలి వైపు ఐజెనెర్ట్స్, ఈవలి వైపు ఫోర్డెర్న్‌బెర్గ్. కొండ పైభాగములోని రాయి ఈ ఊరికి, క్రిందిభాగములోనిది ఆ ఊరికి అని ఎల్ల ఏర్పరచుకొని వందల యేండ్లు పంచుకున్నారు.

ఫోర్డెర్న్‌బెర్గ్‌లో ఒకప్పుడు 14 ఇనుప కొలుములు ఉండేవి. వాటిని వారి భాషలో "చక్రపు కర్మాగారము" అనే అర్థమిచ్చే పేరుతో పిలిచేవారు. ఎందుకంటే వాగు నీరు చక్రమును త్రిప్పేది, చక్రము తిత్తులను ఊదేది, తిత్తుల గాలికి కొలిమి మండేది. అగ్గికి కట్టెబొగ్గు కావాలి గనుక చుట్టుప్రక్కల అడవులన్నీ బొగ్గు కాల్చే వారితో నిండియుండేవి. కొండలో త్రవ్వేవాడు, అడవిలో బొగ్గు కాల్చేవాడు, బండి తోలేవాడు, కొలిమి దగ్గర నిలిచేవాడు, వీరికి ధాన్యము పండించే రైతు, అందరి అన్నమూ ఆ అగ్గిలోనే ఉడికేది.

1846లో కట్టిన నాలుగవ నంబరు కొలిమి 1911లో ఆరిపోయినది. ఇప్పుడది సందర్శకులు చూచే స్థలము. రాతిగోడల నడుమ ఆ చల్లని కొలిమి ప్రక్కన నిలిచినప్పుడు మాకు మా మిల్లు చిమ్నీయే కళ్ల ముందు కదలాడినది.

ఎందుకు ఆరిపోయినదని అడిగితే కారణము సులువుగానే తెలిసినది. క్రింది లోయలో డోనావిట్స్ అనే చోట 1891లో కోకుబొగ్గుతో మండే పెద్ద కొలిమి వెలిగినది. కట్టెబొగ్గు ఖరీదుతో దానికి పోటీ నిలువడము ఫోర్డెర్న్‌బెర్గ్ తరము కాలేదు. ఒక్కొక్కటిగా ఆరిపోయి, 1922లో ఊరిలోని చివరి కొలిమి కూడా చల్లారినది. ఆ పని వచ్చిన వారు చేతకానివారు కారు, సోమరులు కారు, ప్రార్థన మానినవారు కారు. లోకములో పని జరిగే తీరే మారిపోయినది.

ఇది మనకు క్రొత్త సంగతి కాదు. మా జిల్లాలోనే కోనసముద్రము అనే ఊరున్నది. ఒకప్పుడు అక్కడి కమ్మరులు మట్టి మూసలలో కరిగించి చేసిన ఉక్కు దూరదేశములలో పేరు పొందినది. 1824లో మరణించిన వాయ్‌సీ అనే ఇంగ్లీషు వైద్యుడు ఆ పనిని చూచి వ్రాసిన వివరము 1832లో అచ్చయినది. పారశీక దేశపు ఇస్ఫహాను నుండి వచ్చిన వర్తకుడు అక్కడ ఉక్కు కొనుచుండెనని అందులో ఉన్నది. నేడు ఆ కొలుములు లేవు. ఆల్ప్స్ కొండలలోనూ మన తెలంగాణములోనూ కట్టెబొగ్గుతో బ్రతికిన కొలుములు, పెద్ద యంత్రముల చవుక ఉక్కు ముందు నిలువలేకపోయినవి.

అయితే ఫోర్డెర్న్‌బెర్గ్‌లో మమ్మల్ని ఆపి ఆలోచింపజేసిన విషయము మరొకటి ఉన్నది. ఆస్ట్రియా చక్రవర్తి తమ్ముడైన ఆర్చ్‌డ్యూక్ యోహాన్ 1822లో ఇక్కడ రెండవ నంబరు కొలిమిని కొని, తానే కొలిమి యజమానిగా ఈ ఊరిలో కాపురమున్నాడు. ఎవరికి వారు పోటీపడి కొండను త్రవ్వుచున్న యజమానులను నచ్చజెప్పి, 1829లో ఉమ్మడిగా పనిచేసేట్లు కూర్చినాడు. 1840లో పీటర్ టున్నర్ అనే నిపుణుని ఆధ్వర్యములో ఊరిలోనే గనులు, లోహముల విద్య నేర్పే పాఠశాల తెరువబడినది. 1849లో అది లెయోబెన్‌కు తరలినది. నేడు అదే ఒక విశ్వవిద్యాలయము. లోకమంతటి నుండి విద్యార్థులు అక్కడికి వచ్చుచున్నారు.

ప్రియులారా, సంవత్సరములను గమనించండి. చివరి కొలిమి ఆరినది 1922లో. బడి పెట్టినది 1840లో. అనగా కొలుములన్నీ భగభగ మండుచున్న రోజులలోనే, చేతిపనితో పాటు పిల్లలకు చదువు కూడా కావాలని ఎవరో తలంచినారు. కొలిమి ఆరినది గాని ఆ బడి ఆరలేదు. యోబు గ్రంథము 28వ అధ్యాయములో గని త్రవ్వే వారి కష్టము చెప్పి, వెంటనే జ్ఞానము ఎక్కడ దొరుకుతుందని భక్తుడు ఎందుకు ప్రశ్నించెనో ఆ రోజు మాకు కొంచెము అర్థమైనది.

ఆ ఊరిని పొగడి ఊరుకోవడము న్యాయము కాదు. పదహారవ శతాబ్దములో స్టిరియాలోని గనుల వారిలో అనేకులు సువార్తిక విశ్వాసమును స్వీకరించినారు. 1599, 1600 సంవత్సరములలో రాజాజ్ఞతో ఒక కమిషను సైనికులను వెంటబెట్టుకొని ఆ ప్రాంతమంతా తిరిగినది. బోధకులను వెళ్లగొట్టినారు, పుస్తకములను కాల్చినారు, ప్రజలను మతము మార్చుకొమ్మని, లేదా దేశము విడువుమని ఒత్తిడిచేసినారు. 1781లో చక్రవర్తి రెండవ జోసెఫ్ సహన శాసనము ఇచ్చేవరకు వారికి బహిరంగముగా ఆరాధన లేదు. ఇల్లు విడిచిపోయిన ఆ కుటుంబములను తలంచుకొనుచు నడుస్తుంటే, ఊరిలోనే ఒక క్రొత్త కట్టడము కనబడినది. దేశమునుండి పంపివేయవలసిన విదేశీయులను ఉంచే నిర్బంధ కేంద్రమది. 2014లో తెరచినారు. సుమారు 200 మందికి చోటున్నది. పనిలేని ఊరికి నాలుగు ఉద్యోగములు వస్తాయన్నది దాని వెనుకనున్న ఆశ. తీర్పు తీర్చడానికి మేమెవరము? పనిలేని ఊరి ఆకలి మాకు తెలుసు. కాని మా ఇంటివారు ఆ గోడ దగ్గర చాలాసేపు నిలిచిపోయి, "మన అబ్బాయి కూడా పరదేశములోనే ఉన్నాడు కదండీ" అన్నది. ఇద్దరమూ మరి మాట్లాడలేదు.

తిరిగి వచ్చిన మొదటి వారములోనే మేము ఆ తల్లి ఇంటికి వెళ్లాము. "అమ్మా, మిల్లు సంగతి మాకు తెలియకుండానే తెలిసినట్లు చెప్పినాము. తప్పు మాది" అన్నాము. ఆమె కుర్చీ తెచ్చి వేసి, కొంచెముసేపు ఊరకుండి, "మీరు చెప్పకపోయినా నేను ఆపేదాన్నేమో అయ్యగారూ. కాని మీరు చెప్పినారు గనుక ధైర్యంగా ఆపిన" అన్నది. ఆమె కోపముగా అన్లేదు. అందుకే ఆ మాట మమ్మల్ని మరింత లోతుగా తాకినది. సంఘకాపరి నోటిమాట మీద కుటుంబములు తమ బ్రతుకులు ఆనించుకుంటాయి. ఆశ చూపడము మన పని. తెలియనిదాన్ని వాగ్దానముగా చెప్పడము మన పని కాదు.

మేము లేవబోతుండగా ఆమె తన చిన్న కుమార్తెను చూపి, "ఇది పది పాసైంది. దీన్ని ఏం చేయమంటారు?" అని అడిగినది. ఈసారి మేము తొందరపడి జవాబు చెప్పలేదు. "రేపు పొద్దున బస్సుకు నలుగురము కలిసి నిజామాబాదు వెళ్దాము. పాలిటెక్నిక్‌లో ఏమి చదువులున్నవో, ఎంత ఖర్చవుతుందో కనుక్కొని, ఆ పిల్లకు ఏది ఇష్టమో అడుగుదాము" అన్నాము.

మరునాడు బస్సు మిల్లు ముందునుండే వెళ్లినది. ఆ పిల్ల కిటికీ ప్రక్కన కూర్చున్నది. చిమ్నీ వైపు ఒక్కసారి చూచి, మళ్లీ ఒడిలోని సర్టిఫికెట్ల సంచిని సర్దుకున్నది. ప్రియులారా, మీ ఊరి కొలిమి ఇంకా మండుచున్నదా? ఇప్పుడే మీ పిల్లల చదువును గూర్చి ఇంట్లో కూర్చొని మాట్లాడండి. ఒకవేళ చల్లారినదా? అప్పుడును మాట్లాడండి. దేవుడు మీ కుటుంబములను కాపాడునుగాక.