అరువు సొత్తు

అనువాదకులకు సొంత ఆస్తి తక్కువ. ఒకరి ఇంటి మాటను మరొకరి వాకిట్లోకి తెచ్చి నిలబెట్టడమే మా వృత్తి. ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకున్ననాటి నుంచి నేను చేస్తున్నదీ అదే. అందువల్ల పరుల సొత్తును వాడుకునేవారు ఆ ఋణాన్ని ఏ విధంగా గుర్తుంచుకుంటారన్నది నాకు వట్టి సిద్ధాంతచర్చ కాదు. ఈ విషయంలో నన్ను అమితంగా ఆలోచింపజేసినది ఒక గ్రంథం కాదు. ఒక పాటల సంపుటి.

లండన్‌లో వెలసిన జామిరొక్వాయ్ బృందం 1993లో తన మొదటి సంపుటితో బ్రిటన్‌లో అగ్రస్థానాన్ని అందుకుంది. 1994 అక్టోబరులో 'ది రిటర్న్ ఆఫ్ ది స్పేస్ కౌబాయ్' అనే రెండవ సంపుటి వెలువడి రెండవ స్థానం దాకా వెళ్లింది. గాయకుడు జే కే, కీబోర్డుపై టోబీ స్మిత్, బేస్ గిటారుపై స్టూవర్ట్ జెండర్ ఆ బృందానికి ఆయువుపట్లు.

ఈ సంపుటిలో అరువు కానిది వెతికినా దొరకదు. వారి సంగీతాన్ని యాసిడ్ జాజ్ అంటారు. అమెరికాలోని నల్లజాతి కళాకారులు సృష్టించిన జాజ్, ఫంక్ బాణీలను 1980ల చివర లండన్ యువకులు మళ్లీ చేపట్టగా వచ్చిన పేరు అది. బృందం పేరులోని ఉత్తరార్ధం ఉత్తర అమెరికా ఆదివాసులైన ఇరొక్వా సమాఖ్య నుంచి తీసుకున్నది. 'జర్నీ టు ఆర్న్‌హెమ్‌ల్యాండ్' అనే పాటలో వినిపించే డిడ్జెరీడూ ఆస్ట్రేలియా ఆదివాసుల వాద్యం. చెదలు లోపలంతా తొలిచిన యూకలిప్టస్ మానును ఊపిరి తెగకుండా ఊదితే, నేలలోంచి పుట్టినట్లు ఒక్కటే గంభీరనాదం వస్తుంది.

ఇంతకూ ఇది ఆరాధనా, అపహరణా? జవాబు నాకు ఒక మాట వెంట వచ్చింది.

కొన్నేళ్ల క్రితం అమెరికా చరిత్రకు సంబంధించిన పుస్తకాన్ని తెనిగిస్తూ 'మానిఫెస్ట్ డెస్టినీ' అన్న పదబంధం వద్ద ఆగిపోయాను. 1845లో ఒక అమెరికన్ పత్రికలో కనిపించిన మాట అది. ఖండమంతటా విస్తరించడం దైవం తమకు నిర్ణయించిన కార్యమని చాటిన నినాదం. ఆ విస్తరణలో ఎన్నో ఆదివాసి జాతులు తమ నేలను కోల్పోయాయి.

"'విధి' అని రాసెయ్యండమ్మా, సరిపోతుంది" అన్నారు వృద్ధులైన మా సంపాదకులు.

"విధి అన్నది మన భాషలో నష్టపోయినవాడు నుదురు కొట్టుకుంటూ అనే మాటండీ. ఇది లాక్కున్నవాడు దర్జాగా అన్న మాట" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, "అయితే మరో మాట వెతకండి" అన్నారు.

ఆ వెదుకులాటలో ఉండగానే, జామిరొక్వాయ్ రెండవ సంపుటిలో సరిగ్గా అదే పేరుతో ఒక పాట ఉన్నదని తెలిసి విన్నాను. తక్కినవి కాళ్లను కదిలించేవి. ఇది కాళ్లను ఆపివేసే పాట. నెమ్మదిగా, బరువుగా సాగుతుంది. విజేతల నినాదాన్ని ఒక ఇంగ్లీషు యువకుడు దుఃఖంతో పలుకుతూంటే, పూర్వుల పాపం వారసుల తలకు చుట్టుకున్నట్లు నాకు తోచింది. జయఘోష తలవంపుగా మారింది. అక్షరం మార్చకుండా అర్థాన్ని తిరగవేయడం ఏ అనువాదకులకైనా అసూయ కలిగించే పని.

ఒక పాటతో ఋణం తీరిపోతుందని నేననను. 'ఇరొక్వా' అన్నదే పరులు పెట్టిన పేరు. ఆ జనం తమను తాము హోడెనొషోనీ అని, అంటే పొడవాటి ఇళ్లవారని, చెప్పుకుంటారు. ఆ సంగతి బృందం పేరులో లేదు. కాని అరువు తెచ్చుకున్న వస్తువుతోబాటు దాని యజమాని గాయాన్ని కూడా చేతుల్లోకి తీసుకున్నవాడికీ, వస్తువును మాత్రమే ఎత్తుకుపోయినవాడికీ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు. నా వృత్తికి గీటురాయి కూడా అదేననుకుంటాను.

చివరకు పుస్తకంలో 'దైవదత్తాధికారం' అని రాశాను. విధి అనే మాటను, దాన్ని నిజంగా అనుభవించినవారికే విడిచిపెట్టాను.