అంతరిక్ష చిత్రాలు, శాపవిమోచనాలు

తెరమీద రాకెట్టు కనిపించగానే ఆ చిత్రాన్ని సైన్స్ ఫిక్షన్ అనేయడం సమీక్షకులకు ఎంతగా అలవాటైపోయిందంటే, ఆ రాకెట్టు ఏ బలంతో కదులుతున్నదో, ఎంత దూరం పోతున్నదో, ఆ దూరం వల్ల అందులోని మనుషులు ఏమి పోగొట్టుకుంటున్నారో అడిగే ఓపిక ఎవరికీ మిగలలేదు. కత్తి ఉన్న ప్రతి చిత్రమూ చారిత్రకం కాదని తెలుగు ప్రేక్షకుడికి ఎవరూ బోధించలేదు. కాంతారావు కత్తి దూసి గుర్రమెక్కితే అది జానపదమని టూరింగ్ టాకీసులో నేల టికెట్టు కొన్నవాడు కూడా ఇట్టే పోల్చుకున్నాడు. ఆ వివేకం అంతరిక్షనౌక దగ్గరికి వచ్చేసరికి మూగబోవడం విచారించదగ్గ సంగతి.

సైన్స్ ఫిక్షన్, అనగా వైజ్ఞానిక కల్పన, తెలిసిన ప్రకృతి నియమాలను గౌరవిస్తూ, తెలియని చోట ఒక ఊహను నిలబెట్టి, ఆ ఊహ ఎక్కడికి దారితీస్తే అక్కడికి నడిచే కథ. ఫాంటసీ, అనగా అద్భుత కల్పన, మంత్రానికీ మహిమకూ చోటిచ్చి, వాటి వెనుక కారణాన్ని అడగకుండా సాగే కథ. ఈ రెండింటి నడుమ స్పేస్ ఒపేరా అనే మూడో పేరు ఒకటుంది. గ్రహాల మధ్య వీరుల సాహసాలను చెప్పే చౌకబారు కథలను ఈసడిస్తూ 1941లో విల్సన్ టకర్ అనే అమెరికన్ రచయిత పెట్టిన ఆ పేరు, కాలక్రమంలో ఈసడింపు పోగొట్టుకుని మామూలు పేరుగా స్థిరపడింది. ఈ నిర్వచనాలన్నీ సరైనవే గాని, ఒక చిత్రాన్ని ఎదురుగా పెట్టుకుని తేల్చవలసి వచ్చినప్పుడు వీటివల్ల పెద్దగా సాయం అందదు.

అంతకంటే నమ్మదగిన గీటురాయి పురాణాల్లోనే ఉంది. పురాణంలో శాపం ఎంత ఘోరమైనదైనా దానికి విమోచనం ఉంటుంది: అహల్యకు రాముడి పాదస్పర్శ, జయవిజయులకు మూడు జన్మల వైరం. నియమం కఠినమైనదే, కాని దాన్ని విధించినవాడికి మనసుంది. వేడుకుంటే వింటాడు, పశ్చాత్తాపాన్ని లెక్కలోకి తీసుకుంటాడు. ప్రకృతి నియమానికి ఆ మనసు లేదు. సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోయే కాంతిని మించి ఏదీ పోలేదన్న నియమం తల్లి ఏడ్చినా సడలదు, వీరుడు ప్రాణమిచ్చినా సడలదు. కాబట్టి ఒక అంతరిక్ష చిత్రంలో కథానాయకుడికి అడ్డువచ్చిన నియమం అతని మంచితనానికి కరిగిందా, కరగలేదా అన్నదే అడగవలసిన ప్రశ్న.

1977 మే నెలలో విడుదలైన ‘స్టార్ వార్స్’ ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతుంది. జార్జ్ లూకస్ మొదట ‘ఫ్లాష్ గోర్డన్’ హక్కులు కొనబోయి, అవి దక్కకపోతే తన కథ తాను అల్లుకున్నాడు. గిల్లికజ్జాలాడుకునే ఇద్దరు పామరుల కళ్లతో కథ నడపడం కురొసావా 1958లో తీసిన ‘ది హిడెన్ ఫోర్ట్రెస్’ నుంచి నేర్చుకున్నాడు. నౌకల పోరాటాలను రెండో ప్రపంచయుద్ధపు విమాన పోరాటాల చిత్రాలను నమూనాగా పెట్టుకుని కూర్చాడు. అందువల్లనే గాలి లేని శూన్యంలో ఆ నౌకలు గాలిని కోస్తున్నట్టు ఒరిగి మలుపు తిరుగుతాయి. చెరపట్టబడిన రాకుమారి, పొలంలో పెరిగిన వీరుడు లూక్, తండ్రిదని చెప్పి అతని చేతికిచ్చిన కత్తి, చనిపోయాక కూడా దారి చూపే గురువు, అన్నీ ఉన్నాయి. ఇక దూరం సంగతి చూస్తే, ఒక నక్షత్రం దగ్గర బయలుదేరిన మిలీనియం ఫాల్కన్ అనే నౌక, లూక్ ముసుగు శిరస్త్రాణం పెట్టుకుని కత్తిసాములో ఒక పాఠం నేర్చుకునేలోగా మరో నక్షత్రాన్ని చేరుతుంది. అదే ఏడాది సెప్టెంబరులో భూమిని విడిచిన వాయేజర్-1 సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో ఇప్పటికీ పోతూనే ఉంది. సూర్యుడి తరువాత మనకు అతి సమీపంలో ఉన్న నక్షత్రం ఎంత దూరమో అంత దూరం పోవడానికి దానికి 70 వేల ఏళ్లకు పైగా పడుతుంది. 1983 నాటి మూడో భాగంలో ప్రతినాయకుడు డార్త్ వేడర్ తన కొడుకైన లూక్‌ను కాపాడి, తన దుష్టత్వాన్ని విడిచి కన్నుమూసే ఘట్టం పూర్తిగా శాపవిమోచనమే. ఇది అద్భుత కల్పన, అందులోనూ మేలు జాతిది. దాన్ని సైన్స్ ఫిక్షన్ అనడం వల్ల దాని గౌరవం పెరగదు.

ఈ మాటకు లూకసే చేజేతులా సాక్ష్యమిచ్చాడు. 1999లో వచ్చిన ‘ది ఫాంటమ్ మెనేస్’లో ‘ఫోర్స్’ అనే మహిమకు కారణం చూపించాలని తలచి, జీవకణాల్లో నివసించే మిడిక్లోరియన్లు అనే సూక్ష్మజీవులను సృష్టించాడు. అందులో ఒక బాలుడి రక్తం తీసి పరీక్షిస్తే వాటి సంఖ్య 20 వేలు దాటిందని తేలుతుంది. తపస్సుతో వచ్చే శక్తిని రక్తపరీక్షకు అప్పగించినందుకు అభిమానులు కోపగించారు, ఆ కోపం న్యాయమైనది. సంఖ్య చేరినంత మాత్రాన కథలోకి విజ్ఞానం రాలేదు, మహిమలోంచి మహిమ మాత్రం పోయింది.

బాగా పెరిగిన సాంకేతికతకూ మాయకూ తేడా తెలియదన్న ఆర్థర్ సి. క్లార్క్ సూత్రాన్ని ముందుపెట్టి ఈ రెండు కల్పనల మధ్య గీతనే చెరిపేయాలని చూసేవారున్నారు. ఆ సూత్రం చూసేవాడి తెలియనితనం గురించి చెబుతుంది, కథ కట్టిన తీరు గురించి కాదు. అదే క్లార్క్‌తో కలిసి స్టాన్లీ కుబ్రిక్ రూపొందించిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో, 1968 నాటికే, శూన్యంలో శబ్దం పుట్టదు. హెల్మెట్ లేకుండా అత్యవసర ద్వారంలోకి దూకిన వ్యోమగామి బోమన్ గది గోడలకు కొట్టుకుంటున్నంతసేపూ తెర నిశ్శబ్దంగా ఉండి, తలుపు మూసుకుని గాలి నిండిన క్షణాన శబ్దం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అతనిమీద ఎంత జాలి ఉన్నా గాలి రాకముందే చప్పుడు వినిపించడానికి దర్శకుడు ఒప్పుకోలేదు.

క్రిస్టఫర్ నోలన్ 2014లో తీసిన ‘ఇంటర్‌స్టెల్లార్’ ఇంకా కఠినమైనది. కృష్ణబిలానికి చేరువలో ఉన్న ఒక గ్రహం మీద, గురుత్వాకర్షణ తీవ్రత వల్ల కాలం మందగించి, అక్కడి ఒక గంట భూమిమీద 7 ఏళ్లవుతుంది. కాసేపట్లో వస్తామని దిగిన కథానాయకుడు కూపర్ నౌకకు తిరిగివచ్చేసరికి 23 ఏళ్లు గడిచిపోతాయి. ఇంటినుంచి వచ్చిన సందేశాలను వరుసగా చూస్తూ కూర్చుంటే కొడుకు పెళ్లి చేసుకుంటాడు, బిడ్డ పుట్టి పోతుంది, చివరికి తాను ఇల్లు విడిచిననాటి తన వయసుతో కూతురు ఎదుట నిలుస్తుంది. కృష్ణబిలంలోకి దిగాక ఈ చిత్రం తెలిసిన శాస్త్రాన్ని దాటి వెళ్లిన మాట నిజమే. అయినా దాన్ని వైజ్ఞానిక కల్పన అనే తీరాలి, ఎందుకంటే అన్ని సాహసాలు చేసినా పోయిన ఏళ్లు కూపర్‌కు తిరిగి దక్కవు. చివర అతడు చూసేది మనుమలు చుట్టూ నిలబడగా మంచంలో ఉన్న ముదుసలి కూతురిని.

ఈ చిత్రం వచ్చిన దగ్గరనుంచి, ఇదంతా మన పురాణాల్లో ఎప్పుడో ఉన్నదంటూ రైవతుడి కథను ఉదాహరించడం పరిపాటి అయింది. కకుద్మి అనే పేరు కూడా గల రైవతుడు కూతురు రేవతికి వరుడెవరో అడగాలని ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్లి, అక్కడ జరుగుతున్న గానం ముగిసేదాకా క్షణకాలం ఆగుతాడు. ఇంతలో భూమిమీద 27 మహాయుగాలు, అంటే 11 కోట్ల 66 లక్షల 40 వేల ఏళ్లు గడిచిపోయి, అతడు మనసులో అనుకున్న వరులూ, వారి వంశాలూ పేరుకైనా మిగలరు. ఇందులో సాపేక్ష సిద్ధాంతాన్ని వెతకడం కథకూ మేలు కాదు, శాస్త్రానికీ మేలు కాదు. ఇక్కడ కాలం ఆగింది వేగం వల్ల కాదు, బరువు వల్ల కాదు, అది బ్రహ్మలోకం కావడం వల్ల. పైగా ఈ కథలో విమోచనం కూడా ఉన్నది: పాతయుగపు మనిషి కావడంతో రేవతి మరీ పొడవుగా ఉంటే, బలరాముడు నాగలి కొనతో ఆమెను వంచి తనకాలపు స్త్రీల ఎత్తుకు తెచ్చాడని విష్ణుపురాణం చెబుతుంది. కూపర్ కూతురి ముసలితనాన్ని సరిదిద్దగల నాగలి ఏదీ లేదు.

అయితే ఆ నాగలి రేవతికి తీర్చిన కష్టం ఎత్తు ఒక్కటే. తల్లి, చెలికత్తెలు, తాను పుట్టిన ఊరు, తన భాషలో తనతో మాట్లాడేవారు, అందరినీ ఒక్క కచేరీ ముగిసేలోగా పోగొట్టుకున్న ఆ పిల్ల ఏమనుకున్నదో పురాణం అడగలేదు. తండ్రి ఆమెను బలరాముడికిచ్చి తపస్సుకు వెళ్లిపోయాడు. 1957లో కె.వి. రెడ్డి తీసిన ‘మాయాబజార్’లో ఛాయాదేవి ధరించిన రేవతిని తెలుగువారందరూ ఎరుగుదురు గాని, కూతురు శశిరేఖను అభిమన్యుడికిస్తామని చెప్పి, పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే ఆ మాటను పక్కనపెట్టి, దుర్యోధనుడి ఐశ్వర్యం వైపు మొగ్గినందుకు ఆమెను డాంబికురాలిగా తలచి నవ్వుకోవడమే రివాజు. రాజ్యమన్నది వెనక్కి తిరిగేలోగా మాయమైపోతుందని ఆ చిత్రంలో స్వయంగా అనుభవించి ఎరిగినది ఆమె ఒక్కతే. కూతురిని ఉన్న రాజ్యానికి ఇవ్వాలనుకోవడం ఆమె విషయంలో దురాశ కాదు. ఛాయాదేవి ఆ మాటలను గయ్యాళితనంతో కాక, తన పక్షం న్యాయమేనన్న గట్టి నమ్మకంతో పలికింది. ఆమె శశిరేఖ పెళ్లి గురించి వాదులాడే ఆ ద్వారక కూడా పరాయి ఊరు కాదు. విష్ణుపురాణం ప్రకారం అది రేవతి తండ్రి ఏలిన కుశస్థలి ఉన్నచోటనే వెలసింది.